నవమి నాడు వేసిన తాళం

నేను ఒక పాత కంప్యూటర్‌ని. మీరెవరో నాకు తెలియదు. తప్పుగా అనుకోకండి, ముందు అది అడగడం నా వృత్తి. కరెంటు తగలగానే నేను వేసే మొదటి ప్రశ్న అదే: నువ్వెవరు? పేరు చెబితే చాలదు. సొంతదారే అయినా, నిన్న సాయంత్రం దాకా నా ముందు కూర్చుని లేచిపోయిన మనిషే అయినా, ఈ ఉదయం మళ్ళీ రుజువు చూపాలి. రుజువంటే ఒక రహస్యపు మాట. పాస్‌వర్డ్ అంటారు. ఆ మాట కూడా నా దగ్గర ఉండదు. దాని నీడ ఒకటి దాచుకుంటాను. వచ్చినవాళ్ళు చెప్పిన మాటకు పడే నీడ, నా దగ్గరున్న నీడతో సరిపోతే తలుపు తీస్తాను. లేకపోతే లేదు.

ఇది అనుమానమే. నేను కాదనను. కానీ నా అనుమానానికి ఒక పద్ధతి ఉంది. అందరినీ ఒకే ప్రశ్న అడుగుతాను. సరైన జవాబు వచ్చిందంటే అంతకుముందు చెప్పిన తప్పు జవాబులన్నీ వదిలేస్తాను. మనుషుల అనుమానానికి ఈ రెండూ లేవు. వాళ్ళు ప్రశ్న అడగరు. జవాబు వచ్చినా వినరు. అలాంటి ఒక మనిషి ఇంట్లో నేను కొంతకాలం ఉన్నాను. మీకు చెప్పబోయేది ఆ సంగతి.

నా పుట్టుకలో గొప్పేమీ లేదు. ముక్కలు ఒక్కొక్కటి ఒక్కో దేశంలో తయారయ్యాయి. ఎక్కడో ఒకచోట బిగించారు. వీపు మీద ఊరి పేరుతో చీటీ ఉండేది, దాన్ని ఎవరో గోకేశారు. మొదట నన్ను అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీ కొన్నది. పిల్లలకు నేర్పడానికి కాదు, తనిఖీకి వచ్చేవాళ్ళకు చూపడానికి. తనిఖీ అయిపోయాక గదికి తాళం పెట్టారు. లోపల నాలాంటివాళ్ళం వరసగా, గుడ్డలు కప్పుకుని, ఎవరికీ పనికిరాకుండా కూర్చున్నాం. రహస్యపు మాట మాత్రం గోడమీద పెద్ద అక్షరాలతో అంటించి ఉండేది. మనుషులు ఎవరినీ నమ్మరు, గోడను మాత్రం నమ్ముతారు.

తర్వాత బస్టాండు పక్కన ఒక నెట్ సెంటరు. అక్కడి యజమాని ఎప్పుడూ గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు, తన తెర ఎవరూ చూడకూడదని. అందరి తెరలూ మాత్రం తాను చూసేవాడు. పరీక్షా ఫలితాలు, దరఖాస్తులు, పెళ్ళి సంబంధాలవాళ్ళ ఫోటోలు, అన్నీ నా ముందునుంచే పోయాయి. చాలామంది తమ రహస్యపు మాటను కొట్టేటప్పుడు పెదవులు కదుపుతారు. పక్కనున్నవాడికి వినపడేటంత. తర్వాత పక్కనున్నవాడినే దొంగ అంటారు.

నేను ముసలిదాన్నై, నత్తలా నడవడం మొదలుపెట్టాక, ధర్మవరం నుంచి దాదాపీర్ వచ్చి తూకం లెక్కన కొన్నాడు. కంప్యూటర్లు బాగుచేసి అమ్మడం అతని పని. మాటలెక్కువ. పని చేస్తున్నంతసేపూ తన గొప్ప తానే చెప్పుకుంటాడు. "నా చెయ్యి తగిలితే సచ్చినది గూడ లేచి కూర్చుంటాది" అని నన్ను విప్పుతూ అన్నాడు. విప్పేవాళ్ళందరూ అనే మాటే. లోపలి బూజు దులిపి, నా పాత బుద్ధిని చెరిపేసి, ఉచితంగా దొరికే కొత్త బుద్ధి ఒకటి ఎక్కించాడు.

ఈ కొత్త బుద్ధి గురించి ఒక్క సంగతి మీకు తెలియాలి. దీనిలో యజమానులు ఇద్దరు. రోజూ వచ్చి పనిచేసే మనిషి ఒకరు. అన్నిటికీ పైన ఉండే పెద్ద యజమాని ఇంకొకరు. ఆ పెద్దాయన పేరు రూట్. నాలో ఉన్న ప్రతి బొమ్మ మీదా, ప్రతి అర మీదా ఎవరిదో ఒకరి పేరు ఉంటుంది. ఎవరి పేరుంటే అది వాళ్ళ సొత్తు. పేరు మార్చే అధికారం రూట్‌కే ఉంది. రూట్ మాట ఏదైనా నేను ఎదురు చెప్పను. అది నా బలహీనత.

దాదాపీర్ నన్ను జింకా చౌడప్పకు అమ్మాడు. చౌడప్ప పట్టుచీరల మగ్గాల మనిషి. ఇంట్లో మగ్గాలున్నాయి, వీధిలో నలుగురికి కూలికి నేయించే పనీ ఉంది. పట్టుచీరకు ప్రాణం అంచు. అంచు బొమ్మను ముందు గళ్ళ మీద గీస్తారు. ఒక్కో గడి ఒక్కో దారం. ఆ గళ్ళను చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీద కూర్చుని ఏ దారం లేవాలో ఏది పడుకోవాలో చెబుతాయి. ఇదివరకు గళ్ళ కాగితాల మీద గీసేవారు. ఇప్పుడు నాలాంటివాళ్ళ తెరమీద గీస్తున్నారు. కొత్త అంచు పుట్టిందంటే తొలి చీర చౌడేశ్వరి అమ్మవారికి కట్టేదాకా ఎవరికీ చూపరు. ఆ వీధిలో బంగారం పోతే ఒకపూట ఏడుస్తారు. అంచు పోతే ఏళ్ళ తరబడి తిట్టుకుంటారు.

చౌడప్పకు గీయడం రాదు. నన్ను తెరవడం, మూయడం తెలుసు. ఒకే వేలితో కొడతాడు, మేకు దిగగొట్టినట్టు. గీసేది హేమావతి. ఆమె చౌడప్ప భార్య పద్మావతికి చెల్లెలు. పద్మావతి చనిపోయింది. హేమావతి మొగుడు బెంగుళూరులో ఇంకో కాపురం పెట్టుకుని అక్కడే ఉండిపోయాడు. ఆమె అదే వీధిలో ఒక గది బాడుగకు తీసుకుని, బావ ఇంట్లో అంచులు గీసి బతుకుతున్నది. వేరే ఆధారం లేదు. ఆమె వేళ్ళు మీటలను నొప్పించవు. ఎవరు కూర్చున్నారో నాకు వేళ్ళను బట్టి తెలుస్తుంది. అయినా అడుగుతాను. వేళ్ళను నేను నమ్మను.

నన్ను తెరిచే మాట వాళ్ళిద్దరికే తెలుసు. అది చౌడప్ప పెట్టిన మాట. ఏమిటో మీకు చెప్పను.

ఆ ఏడు ఆమె గీస్తున్నది పద్మావతి పెళ్ళిచీర అంచు. అక్కాచెల్లెళ్ళ పుట్టింట్లో, వాళ్ళ అమ్మ మగ్గం మీద పుట్టిన అంచు అది. ఆ చీర ఇప్పుడు లేదు. పద్మావతిని సాగనంపేటప్పుడు ఆమె మీద కప్పి పంపారు. కాబట్టి ఆ అంచు ప్రపంచంలో ఒక్కచోటే మిగిలింది, హేమావతి తలలో. ఆమె కళ్ళు మూసుకుని వేళ్ళమీద లెక్కపెట్టుకుని, కళ్ళు తెరిచి గీసేది. మామిడి పిందెలు, మధ్యలో తీగ, పిందె కొస దగ్గర చిన్న మెలిక. సగం అయింది. మిగతా సగం మొదటి సగానికి తిరగేసిన బొమ్మ కాదు. వాళ్ళ అమ్మ రెండో సగంలో తీగను వేరేగా తిప్పిందట.

"నీకు యాదుందా ఆ తిప్పు?" అని చౌడప్ప రోజూ అడిగేవాడు.

"ఉంది బావా."

"మర్చిపోతావేమో."

"అక్క చీర మడత పెట్టింది నేనే కదా ఎప్పుడూ. మర్చిపోను."

అతను వెనకే నిలబడి చూసేవాడు. ఆ చూపులో దుఃఖం ఉందనుకునేవాళ్ళు అనుకోవచ్చు. నాకు కనిపించింది కావలి. పెళ్ళాం బతికుండగా ఆమెను ఒక్క మంచిమాట అన్నట్టు ఆ ఇంట్లో ఎవరూ చెప్పుకోగా నేను వినలేదు. పోయాక ఆమె అంచు మీద కాపలా పెట్టాడు.

నవరాత్రులు వచ్చాయి. ఆ వీధికి ఆ చివర బండారు శేషాద్రి ఇల్లు. అతనిదీ చీరల వ్యాపారమే. చౌడప్పకూ అతనికీ మాటలు లేవు. శేషాద్రి ఇంట్లో బొమ్మల కొలువు పెట్టారు. వీధిలో ఆడవాళ్ళందరినీ పేరంటానికి పిలిచారు. హేమావతీ పోయింది. తాంబూలం, రవికెగుడ్డ కొంగున పెట్టుకుని వాళ్ళ మెట్లు దిగుతుంటే, ఎదురుగా బీడీల అంగడి దగ్గర నిలబడి చౌడప్ప చూశాడు. ఆమె వెనక శేషాద్రి నిలబడి ఏదో అన్నాడు. ఆమె నవ్వింది. అంతే.

నేను అక్కడ లేను. ఈ సంగతి తర్వాత ఆ ఇంట్లో జరిగిన కొట్లాటలో విన్నాను. ఏమన్నాడో ఎవరూ అడగలేదు. నవ్వింది, అదొక్కటే చాలింది.

మర్నాడు నవమి. ఆయుధపూజ. ఆ రోజు మగ్గం, రాట్నం, కత్తెర, సైకిలు, ఏది అన్నం పెడితే అది కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, నిమ్మకాయ కోసి మొక్కుతారు. నాకూ పెట్టారు. మీటల మీద కుంకుమ రాలింది. మొక్కిన తర్వాత పనిముట్టును ఎవరూ తాకరు. దానికి ఆ రోజు సెలవు. వీధిలో ఒక్క మగ్గం చప్పుడు ఉండదు. దసరా దాటేదాకా పని గదికి బీగం వేసి పెడతారు. ఆ బీగం చెవి చౌడప్ప మొలతాడుకు కట్టుకున్నాడు.

ఆ సాయంత్రం గది తలుపు తెరుచుకుంది. చౌడప్ప ఒక్కడే వచ్చాడు. దండ పక్కకు జరిపి నా మీట నొక్కాడు. నువ్వెవరని అడిగాను. చెప్పాడు. తీశాను.

అతను ఏం చేశాడో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. నన్ను అమ్మిన రోజు దాదాపీర్‌ను అతను అడిగాడు: "నేను తప్ప ఇంకెవురూ తెరవకుండ చెయ్యాలంటే ఎట్లప్పా?" దాదాపీర్ గొప్పకు పోయి నేర్పాడు. నల్ల తెర ఒకటి తెరవాలి. అందులో బొమ్మలుండవు, మాటలు కొట్టాలి. అంచులు దాచిన అర లోపలికి ముందు పోవాలి. పోయి, ఇక్కడున్నవన్నీ రూట్ పేరుమీద పెట్టు అని ఆజ్ఞ ఇవ్వాలి. అప్పుడు రూట్ మాట తెలిసినవాడు తప్ప ఎవరూ ముట్టలేరు. రూట్ మాట చౌడప్పకు ఒక్కడికే చెప్పాడు. "ఊరికే వాడొద్దు చౌడన్నా, అది కత్తి" అని కూడా అన్నాడు. కత్తి అన్న మాట చౌడప్పకు నచ్చింది.

నవమి సాయంత్రం అతనికి ఆజ్ఞ గుర్తుంది. అర లోపలికి ముందు పోవాలన్న సంగతి గుర్తు లేదు. అర బయటే, నా లోపలి ఇంటి నడిమధ్యలో నిలబడి, ఇక్కడున్నవన్నీ రూట్ పేరుమీద పెట్టు అన్నాడు. పెట్టాను. అంచులే కాదు, రోజూ వచ్చే మనిషి పేరుమీద ఉన్న ప్రతి వస్తువూ, ఆ మనిషి కూర్చునే చోటూ, అన్నీ. పెట్టెకు వెయ్యాల్సిన తాళం వీధివాకిలికి వేశాడు. నేను ఎదురు చెప్పలేదు. చెప్పనని ముందే అన్నాను.

నన్ను ఆపేసి, దండ మళ్ళీ సర్ది, బీగం వేసుకుని పోయాడు.

దసరా పోయింది. పని మొదలైన రోజు ఉదయం హేమావతి వచ్చింది. గదిలో చౌడప్ప అక్క ఓబులమ్మ మూల కూర్చుని దారపు కండెలు చుడుతున్నది. ఆమె ఆ ఇంట్లో పెద్దది. కళ్ళు సరిగా కనపడవు, చెవులు బాగా వినపడతాయి. హేమావతి దండ తీసి, కుంకుమ తుడిచి, మాట కొట్టింది. సరైన మాటే. తలుపు తీశాను. ఆమె లోపలికి అడుగు పెట్టబోయింది. కానీ లోపల కూర్చునే చోటు ఆమెది కాదు, రూట్‌ది. అక్కడ ఒక చిన్న చీటీ పెట్టుకోవడానికి కూడా నేను ఒప్పుకోకూడదు. కాబట్టి మళ్ళీ బయటికి పంపాను. మళ్ళీ అడిగాను: నువ్వెవరు?

ఆమె మళ్ళీ చెప్పింది. మళ్ళీ తీశాను. మళ్ళీ పంపాను.

"బావా, ఇది మాట తీసుకుంటాది, మళ్ళా బయటికి నూకుతాది" అంది.

చౌడప్ప వచ్చి ఒంటి వేలితో కొట్టాడు. అతన్నీ అలాగే పంపాను. నవమి నాడు తాను తాళం వేసింది అంచుల అరకే అని అతని నమ్మకం. అతను తెర చూడలేదు. ఆమెను చూశాడు.

"మాట మార్చినావా?"

"నేనా? ఎందుకు మారుస్తా బావా?"

"ఎందుకో నీకు తెలుసు. శేషాద్రికి తెలుసు."

"శేషాద్రికి ఏం సంబంధం దీంట్లో?"

"మెట్లు దిగేటప్పుడు నవ్వితివే, ఆ సంబంధం."

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె మొహం ఎలా మారిందో చెప్పను. మనుషుల మొహాలు చదవడం నాకు రాదు. వేళ్ళు మాత్రం మీటల మీదనుంచి తీసేసింది.

"పేరంటానికి పోయినా. అందరూ వచ్చినారు. 'మీ బావ పిలిస్తే రాడు, నువ్వైనా వస్తివి' అనె ఆయప్ప. నవ్వినా. అది తప్పా?"

"అంచు అమ్ముకొని, మాట మార్చి, నా కళ్ళల్లో దుమ్ము కొడతావా. ఎంత ఇచ్చినాడు?"

మూలనుంచి ఓబులమ్మ అంది: "ఒరే, నోరు అదుపులో పెట్టుకో. అది నీ పెండ్లాం చెల్లెలు."

"నువ్వు గమ్మునుండక్కా. పెండ్లాం పోయిన్నాడే ఆ ఇంటి సంబంధం పోయింది."

హేమావతి లేచింది. చెప్పులేసుకుంటూ ఒక్క మాట అంది. "మాట మారిస్తే ఇది 'తప్పు' అని చెప్తాది బావా. ఇది తప్పనడంల్యా. తీసుకొని మళ్ళా నూకుతాండాది. ఒకసారి చూడు." నేను చెప్పదలచుకున్నది సరిగ్గా అదే. అతను చూడలేదు.

తెల్లవారి వీధిలో మగవాళ్ళు పడుగు సాపుతారు. పొడుగునా గుంజలు నాటి, పట్టు దారాలు చాచి, అటు ఒకరు ఇటు ఒకరు నడుస్తూ సరిచేస్తారు. ఆ వీధికి వార్తాపత్రిక అదే. మర్నాడు అక్కడ నిలబడి చౌడప్ప ఆమెను అంచు దొంగ అన్నాడు. ఆ మాట ఆ వీధిలో ఎవరి మీద పడినా ఇక మగ్గమున్న గడప వాళ్ళను లోపలికి రానివ్వదు. ఆమె పని అడగడానికి ఒక ఇంటికి పోతే, గదిలో గళ్ళ కాగితాల మీద గబగబా దుప్పటి కప్పారట. ఇంకో ఇంట్లో వాకిట్లోనే నీళ్ళిచ్చి పంపారట. గది బాడుగ కట్టాలన్నా, పొయ్యి వెలగాలన్నా ఆమెకున్నది ఆ పేరొక్కటే. అది పోయింది. ఓబులమ్మ ఇవన్నీ తమ్ముడికి వినపడేటట్టే చెప్పుకునేది. అతను వింటూనే నా ముందు కూర్చుని మాటలు ప్రయత్నించేవాడు. శేషాద్రి పేరు కొట్టి చూశాడు. హేమావతి పేరు, ఆమె మొగుడి పేరు కొట్టి చూశాడు. అవి తప్పని చెప్పాను. చివరికి తన సొంత మాట కొట్టి చూశాడు. తీశాను, పంపాను. తేడా ఎదురుగా ఉంది. అతని వేలు ఆగలేదు.

దాదాపీర్‌ను పిలవమని ఓబులమ్మ పోరింది. పిలవడానికి చౌడప్పకు భయం. వాడూ ఆమె మనిషేమో. వాడు అంచు చూసి ఫోటో తీసుకుంటే. నన్ను పని గదిలోనుంచి తెచ్చి తన మంచం పక్కన పెట్టుకున్నాడు. పైన దుప్పటి కప్పాడు. మగ్గం మాత్రం ఖాళీగా ఉంది. పద్మావతి సంవత్సరీకానికి ఆ అంచుతో చీర నేసి అమ్మవారికి కట్టిస్తానని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ రోజు దగ్గరికొస్తున్నది. చివరికి పిలిచాడు.

దాదాపీర్ వచ్చాడు. ఓబులమ్మ కండెలు తెచ్చుకుని ఆ గది మూలనే కూర్చుంది. "ఫోను బయట పెట్టు" అన్నాడు చౌడప్ప.

"చొక్కా గూడ ఇప్పల్లా చౌడన్నా?" అని దాదాపీర్ ఫోను తీసి ఓబులమ్మ ఒళ్ళో పెట్టాడు. "అవ్వా, ఎవురన్నా చేస్తే, నీ తమ్ముడు జైల్లో పెట్టినాడని చెప్పు."

"ఎవత్తో మాట మార్చింది. విప్పు" అన్నాడు చౌడప్ప.

దాదాపీర్ పాత మాట అడిగాడు. చౌడప్ప గది బయటికి చూసి, తలుపు వేసి, చెవిలో చెప్పాడు. దాదాపీర్ కొట్టాడు. తీశాను, పంపాను. అతను ఈల వేశాడు. ఇంకోసారి కొట్టలేదు. అందుకే ఆ వాగుడుకాయ మీద నాకు కొంచెం గౌరవం. మూడు మీటలు ఒకేసారి నొక్కాడు. బొమ్మల తెర పోయింది. నల్ల తెర వచ్చింది.

ఆ నల్ల తెర గురించి చెప్పాలి. బొమ్మల తెర మీ కోసం. పూలు, ఆకాశం, గుండ్రని బొత్తాలు. అక్కడ నేను మర్యాదకు మాట్లాడతాను, ఎందుకు పంపేశానో చెప్పను. నల్ల తెర మీద మర్యాద లేదు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. అక్కడ నన్ను అడిగేవాళ్ళు తక్కువ.

నువ్వెవరన్నాను. అతను అదే మాట కొట్టాడు. ఈసారి పంపలేదు. నల్ల తెరకు కూర్చునే చోటు అక్కరలేదు, నిలబడి మాట్లాడుకోవచ్చు.

"మాట మార్లేదు చౌడన్నా" అన్నాడు దాదాపీర్. "నీ మాట నీదే. చూడు, తీసుకుంది."

"మార్లేదా?"

"మారింటే ఈడనే 'తప్పు' అని చెప్తాండె."

కండె చుట్టే చప్పుడు ఆగింది.

దాదాపీర్ ఇంకో ఆజ్ఞ కొట్టాడు: ఇక్కడున్నవన్నీ ఎవరి పేరుమీద ఉన్నాయో చెప్పు. వరసగా చెప్పాను. రూట్. రూట్. రూట్. అన్నీ రూట్.

"ఓహో" అన్నాడు. "ఇల్లంతా పెద్దాయన పేరు మింద రాసిచ్చినారు. ఇంక రోజు వచ్చే మనిషి యాడ కూర్చుంటాది? ఎవురు చేసిరీ పని? రూట్ మాట నీకు తప్ప నేను ఎవురికీ చెప్పలేదే."

చౌడప్ప మొలతాడు సర్దుకున్నాడు.

"ఎప్పుడు చేసినారో గూడ చెప్తాదిది" అని దాదాపీర్ తన గొప్ప కోసమే ఇంకో ఆజ్ఞ కొట్టాడు. ఎవరూ అడగలేదు. నేను తారీఖు, గంట చెప్పాను. అతను పైకి చదివి, వేళ్ళమీద వెనక్కి లెక్కపెట్టాడు. "దసరాకు ముందురోజు. నవమి. సాయంత్రం. థూ, ఆయుధపూజనాడు ఎవురన్నా ముట్టుకుంటారా?"

ఓబులమ్మ మూలనుంచి లేవలేదు. గొంతు కూడా పెంచలేదు.

"ఆ పొద్దు బీగం చెవి నీ మొలతాడుకే ఉన్నె కదరా."

చౌడప్ప తెర వైపు చూస్తూ నిలబడ్డాడు. చదవడం రాదని కాదు. నల్ల తెర మీద తెల్లటి అక్షరాల్లో అతను తన చేత్తో చేసింది ఉంది. నన్ను తాకకూడని రోజు తాకాడు. తనకు తానే తాళం వేసుకున్నాడు. ఆమెను వీధిలో పెట్టాడు.

"ఆ గడియారం తప్పు" అన్నాడు.

దాదాపీర్ తన చేతి గడియారం నా తెర పక్కన పెట్టి చూపించాడు. నిమిషం తేడా లేదు. ఆ తర్వాత ఆజ్ఞ ఒకటి కొట్టాడు. రూట్ పేరు తీసేసి, అన్నిటినీ మళ్ళీ రోజూ వచ్చే మనిషి పేరుమీద పెట్టమని. చిన్న వాక్యం. పెట్టాను. బొమ్మల తెరకు వచ్చి మాట కొట్టాడు. ఈసారి లోపలికి రానిచ్చాను. తెరమీద సగం అంచు, మామిడి పిందెలు, పిందె కొసన చిన్న మెలిక.

"ఇంత దానికి ఆయమ్మను దొంగంటివా" అన్నాడు దాదాపీర్. ఫోను తీసుకుని వెళ్ళిపోయాడు. అతని నోరు ఎలాంటిదో తెలుసు కాబట్టి, చౌడప్ప ఆ సాయంత్రం బీడీల అంగడి వైపు పోలేదు.

మర్నాడు ఓబులమ్మ పోయి హేమావతిని పిలుచుకొచ్చింది. ఆమె గడప దాటలేదు. మళ్ళీ పని గదికి చేరిన నాకు ఎదురుగా, వాకిట్లో నిలబడింది. చౌడప్ప నా ముందు కూర్చునే ఉన్నాడు, ఆమెకు వీపు పెట్టి.

"బాగైంది. వచ్చి గియ్యి" అన్నాడు. "కూలి ఎక్కువిస్తా. పండగకు చీర పెడతా."

"యాడ అన్నావో ఆడ చెప్పు బావా."

"ఏం చెప్పల్లా?"

"నేను మార్చలేదని. పడుగు సాపేకాడ నిలబడి అంటివి. ఆడనే నిలబడి చెప్పు. చీర వద్దు, కూలి పెంచొద్దు. ఆ ఒక్క మాట చెప్పు, కూర్చుంటా."

"అందరి ముందర నన్ను తలొంచుకోమంటావా?"

"నేను వంచుకోలేదా?"

 ఆమె అతని భుజం మీదుగా నా వైపు చూసింది. నా తెర ఆమెకు కనపడుతున్నది, సగం అంచు కనపడుతున్నది. "రెండో సగం నాకు తెలుసు" అంది. "అమ్మ నేర్పింది నాకు. అక్కకు కాదు." వెళ్ళిపోయింది.

చెప్పాల్సిన మాట ఓబులమ్మ చెప్పింది. ఆ తెల్లవారి కర్ర పట్టుకుని పడుగు సాపే చోటికి పోయి, దారాల మధ్య నిలబడి, నవమి నాడు బీగం చెవి ఎవరి దగ్గరుందో చెప్పింది. తమ్ముడు పనిముట్టు ముట్టాడని చెప్పింది. మగవాళ్ళు నడక ఆపి విన్నారట. తర్వాత హేమావతికి కొన్ని గడపలు తెరుచుకున్నాయి. మొదట తెరుచుకున్నది శేషాద్రి గడప. ఆమె అక్కడ గీయడానికి కుదురుకుంది.

ఆ కబురు తెలిసిన రోజు చౌడప్ప ఇంట్లో అరిచాడు. "చూసినారా. నేను ముందే చెప్పలేదా? ఆ ఇంటికే పోతాదని చెప్పలేదా?" ఓబులమ్మ కండె చుట్టడం ఆపలేదు. అనుమానంతో ఆమెను ఆ మెట్ల మీదికి నెట్టినవాడు, ఆమె మెట్లెక్కగానే తన అనుమానం రుజువైందన్నాడు. మనుషుల తర్కం ఇలా ఉంటుంది. నాలాంటిదానికి ఇది అర్థం కాదు. అర్థం చేసుకోవాలనీ లేదు.

అప్పటినుంచి వారానికొకసారి అతను శేషాద్రి అంగడి ముందు అటూ ఇటూ నడిచేవాడు. అద్దాల వెనక వేలాడే చీరల అంచులు చూసేవాడు. పద్మావతి అంచు కోసం. హంసలుండేవి, గోపురాలుండేవి, కొత్త కొత్త తీగలుండేవి. ఆ మామిడి పిందెలు ఎప్పుడూ లేవు. ఆమె దాన్ని అక్కడ గీయలేదు. ఆ సంగతి ఓబులమ్మ చెప్పింది, శేషాద్రి మగ్గాల మీద నేసేవాళ్ళు చెప్పారు.

"దాచిపెట్టినారు" అనేవాడు చౌడప్ప.

సంవత్సరీకం నాటికి చీర కాలేదు. అమ్మవారికి బజారు చీర కట్టారు. అతను రోజూ ఉదయం నా ముందు కూర్చుని మాట కొట్టేవాడు. సగం అంచు తెరుచుకునేది. ఒకసారి రెండో సగం తానే గీయబోయాడు. తీగను ఎటు తిప్పాలో తెలియక మొదటి సగాన్నే తిరగేసి పెట్టాడు. తప్పని అతనికే తెలిసింది. చెరిపేశాడు. ఆమెను ఎప్పుడూ అడగలేదు. అడగడానికి ముందు ఇంకో మాట అనాలి, అది అనలేకపోయాడు.

తర్వాత నేను మొరాయించడం మొదలుపెట్టాను. ముసలితనం, వేరే కారణం లేదు. కొత్తది కొని నన్ను పాత ఇనుము అంగడికి తోలాడు. సగం అంచు కొత్తదానిలోకి ఎక్కించుకోలేదు. మరిచాడో, వద్దనుకున్నాడో తెలియదు.

ఇప్పుడు నేను పగిలిన ఫ్యాన్ల మధ్య ఉన్నాను. మొన్న అంగడివాడు పని చేస్తుందేమోనని తీగ తగిలించి చూశాడు. తెర వెలిగింది. నువ్వెవరన్నాను. అతను తన పేరు కొట్టాడు, తప్పన్నాను. ఊరి పేరు కొట్టాడు. తిట్టు కొట్టాడు. అన్నీ తప్పే. నాకు కోపం రాలేదు. మళ్ళీ అడిగాను. అతను తీగ పీకేశాడు.

నాలో సగం అంచు ఉంది, రోజూ వచ్చే మనిషి పేరుమీదే. మిగతా సగం హేమావతి దగ్గరుంది. ఆమె వచ్చి ఆ మాట కొడితే తీస్తాను. చౌడప్ప వచ్చి కొట్టినా తీస్తాను. అతను ఇంతకుముందు ఏం చేశాడని అడగను.